కిటికీ చెక్క మీద పసుపు బొట్టు

దయ్యాలంటే నాకు భయం కాదు, నవ్వొస్తుంది. సూర్యాపేటలో నర్సుగా ఎన్నో చావులు చూశాను. పోయినవాళ్లెవరూ తిరిగొచ్చి నన్ను పలకరించలేదు.

మా వార్డులో రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్ల చేత గోడ ఎక్కిస్తాం. అంటే కాళ్లతో కాదు, వేళ్లతో. రోజూ ఇంకాస్త పైకి పాకించకపోతే భుజం బిగుసుకుపోతుంది. తుంగతుర్తి రాంబాయమ్మ అయితే వేళ్లు అందినచోటల్లా పసుపు బొట్టు పెట్టుకునేది. పసుపు పొట్లం ఎప్పుడూ కొంగునే ఉండేది. "చీమ ఎక్కినట్టు ఎక్కియ్యాలె బిడ్డా, ఉరుకద్దు" అని పక్క మంచాల వాళ్లకు పాఠాలు చెప్పేది. కిటికీ పై చెక్క అందుకున్నాకే ఇంటికి పోతానని నాతో పంతం వేసింది. జానెడు దూరంలో ఉండగానే డిశ్చార్జ్ చేశాం. తర్వాత ఇంటి దగ్గర గుండెపోటుతో పోయిందని తెలిసి ఏడ్చాను. దసరాకు గోడలకు రంగులేస్తే ఆమె బొట్లూ పోయాయి.

ఆ తర్వాత కోదాడ నుంచి మార్తమ్మ వచ్చింది. బట్టలు కుట్టి ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తోంది. చెయ్యి తల మీదికి లేవకపోతే రేడియేషన్ ఇవ్వడం కుదరదు. కుట్లు తెగుతాయని ఆమె చెయ్యి కదిపితే ఒట్టు. బతిమాలాను, కసిరాను. లాభం లేకపోయింది.

ఒక మధ్యాహ్నం మందులిద్దామని వెళ్తే మార్తమ్మ గోడ దగ్గర నిలబడి ఉంది. చెయ్యి చెవి దాటి పైకి లేచింది. ఒకపక్క నవ్వుతోంది, ఒకపక్క ఏడుస్తోంది.

"ఎవరో పెద్దావిడ వచ్చి మోచెయ్యి పట్టుకున్నారండీ. చీమ ఎక్కినట్టు ఎక్కియ్యి బిడ్డా, ఉరుకకు అన్నారు. ఇప్పుడే అటెళ్లారు."

ఆ రోజు గదిలో మార్తమ్మ ఒక్కతే పేషెంటు. అప్పటిదాకా బయట వరండాలో నేనే ఉన్నాను. నన్ను దాటి ఎవరూ పోలేదు. నొప్పి మాత్రల మత్తులే అనుకున్నాను. అప్పుడు తలెత్తి చూస్తే కిటికీ పై చెక్క మీద పసుపు బొట్టు. ముట్టుకుంటే తడి నా వేలికి అంటింది. మార్తమ్మ చెయ్యి ఇంకా దానికి రెండు జానల కింద ఉంది. పైగా ఆమె క్రైస్తవురాలు, ఆమె దగ్గర పసుపెక్కడిది? ఆయాలను, వాచ్‌మన్‌ను, అందరినీ అడిగాను. ఎవరూ మాకు తెలుసనలేదు.

మార్తమ్మకు రేడియేషన్ పూర్తయింది. మళ్లీ మిషను తొక్కుతోంది. నేనిప్పటికీ దయ్యాలను నమ్మను. ఆ బొట్టును మాత్రం తుడవనివ్వను.

అదెవరిదని కొత్తవాళ్లు అడిగితే, మా రాంబాయమ్మది, పంతం నెగ్గింది అంటాను. ఎప్పుడు పెట్టిందని మాత్రం అడక్కుండా ఉంటే బాగుండు.