సాధన లేదు

ఆ వీధిలో ఆమె పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు. గ్రాఫు టీచరు అంటే మాత్రం దర్జీ కొట్టు పక్కనున్న మెట్లు చూపిస్తారు. పైన ఒకటే గది. ఓ మూల వంట, ఓ గోడకు నల్లబల్ల, మధ్యలో పిల్లలు కూర్చునే చాప. పనిచేసిన బడి మూతపడ్డాక ఆమె ఆ గదిలోనే పదో తరగతి లెక్కలు చెప్పుకుంటోంది. పెళ్ళి ఊసు ఎవరైనా ఎత్తితే, ఇప్పుడు నన్ను చేసుకునేవాడి లెక్క కూడా నేనే చెయ్యాలా అని నవ్వేస్తుంది.

రెండు సమీకరణాలిచ్చి గ్రాఫు గియ్యమంటే ఆమెకు ప్రాణం లేచొస్తుంది. పెన్సిలు సూదిలా చెక్కాలి. స్కేలును గుడ్డతో తుడవాలి. "లావు గీత అబద్ధాలకోరు. రెండు గీతలు ఎక్కడ కలిశాయో చెప్పమంటే ఊరంతా చూపిస్తుంది" అని పిల్లల్ని సతాయిస్తుంది. సన్నగా గీస్తే కలిసే చోటు ఒక్క చుక్కే. ఆ చుక్కే రెండు సమీకరణాలకూ సాధన. ఆ మాట పుస్తకంలోది. బయట ప్రపంచంలో సాధన అంటే కూర్చుని అభ్యాసం చెయ్యడమని ఆమెకు తెలియక కాదు. ముప్పయ్యేళ్ళు ఒకే పాఠం చెప్పినవాళ్ళకు మాటకున్న రెండో అర్థం తుప్పు పట్టిపోతుంది, అంతే.

మిగతా పిల్లలు గంట కాగానే తూనీగల్లా ఎగిరిపోయేవారు. అన్నయ్య కూతురు మాత్రం వీధి దీపాలు వెలిగేదాకా ఉండేది. పెన్సిళ్ళ చివరలు కొరికే అలవాటుందని ఆమె ఆ పిల్లకు ఉడత అని పేరు పెట్టింది. ఉడత బడి కబుర్లు చెబుతుంటే ఆమె కూరలు తరిగేది. "గీతలు కలిస్తే సాధన, కలవకుంటే లేదన్నా" అని ఆ పిల్ల పాట కట్టి కాళ్ళూపుతూ పాడేది. రోజంతటిలో ఆమెతో లెక్కలు కాని మాట మాట్లాడే మనిషి ఆ పిల్ల ఒక్కతే.

ఒకరోజు ఉడత రెండు గీతలు గీసింది. x + 2y = 4 ఒకటి, 2x + 4y = 12 ఇంకొకటి. రెండూ పక్కపక్కనే సాగి కాగితం అంచు దాకా పోయాయి.

"అత్తా, ఇంకో కాగితం అతికిస్తే కలుస్తాయేమో?"

ఆమె వంగి, గీతల మధ్య ఎడాన్ని స్కేలుతో కొలుస్తోంది. సరిగ్గా అప్పుడే వదిన, తన అక్కను వెంటబెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. మా ఆడపడుచు ఎంత బాగా చెబుతుందో చూద్దువుగాని అని దారంతా ఊదరగొట్టి మరీ తీసుకొచ్చింది.

"మా పిల్ల ఎలా చదువుతోందమ్మా?" అని అడిగింది వదిన.

ఆమె తలెత్తలేదు. "సాధన లేదు" అంది. "ఎంత కాగితం తగలేసినా లేదు."

వదిన ముఖం మాడిపోయింది. "సరేలే, పద" అని పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. ఆమె తలెత్తేసరికి గుమ్మం ఖాళీగా ఉంది. మరునాడు ఉడత రాలేదు. అన్నయ్య ఫోన్ చేసి, పిల్లను పెద్ద వీధిలో కోచింగ్ సెంటర్లో చేర్పించామని ముక్తసరిగా చెప్పి పెట్టేశాడు. ఎందుకని అడగడానికి ఆమెకు నోరు రాలేదు. ఆడపడుచు అర్ధమొగుడు అంటారు గానీ, ఈవిడ వాటాకు ఆ అధికారం ఎప్పుడూ రాలేదు.

వానలు వచ్చి వెళ్ళాయి. సాయంత్రం పిల్లలు వెళ్ళిపోగానే గదిలో ఫ్యాను చప్పుడు పెద్దదయ్యేది. ఇద్దరికి టీ పెట్టి, రెండో కప్పు కూడా తానే తాగేది. తన చదువే పాతబడిందేమో అని బెంగపడింది. ఆ బెంగ కన్నా పిల్ల మీద బెంగే ఎక్కువ.

చివరకు గుట్టు విప్పింది కింద దర్జీ. జాకెట్టు ఇస్తూ అన్నాడు. "మీరు కూడా ఎంత మాటన్నారమ్మా! సొంత మేనకోడల్ని, చుట్టాల ముందు, సాధన లేదు, డబ్బు దండగ అన్నారటగా. మీ వదినగారు మెట్ల మీద ఒకటే ఏడుపు."

ఆమె ముందు నోరు వెళ్ళబెట్టింది. తర్వాత అక్కడే కుర్చీలో కూలబడి నవ్వింది. చాన్నాళ్ళకు నవ్వింది. ఇంతేనా? ఒక్క మాట విడమరిచి చెబితే ఉడత తిరిగి వచ్చేస్తుంది!

ఆదివారం పొద్దున్నే అన్నయ్య ఇంటికి వెళ్ళింది. పేపరు అంచున రెండు గీతలు గీసి, సాధన అంటే ఏమిటో వదినకు పాఠం చెప్పింది. అన్నయ్య పగలబడి నవ్వాడు. వదిన నెత్తి కొట్టుకుంది.

"అయ్యో, నా మట్టి బుర్ర! గీతల్ని అన్న మాట నా కూతుర్ని అన్నావనుకుని ఇన్నాళ్ళూ కుళ్ళిపోయాను కదే! రేపట్నుంచే పంపిస్తా. ఏమే, నువ్వక్కడే ఉన్నావుగా? నీకు తెలీదా ఆ మాటకి అర్థం?"

ఉడత తలుపు పక్కన తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉంది. చెవులు ఎర్రబడ్డాయి. కొరకడానికి పెన్సిలు లేక గోరు కొరుకుతోంది. ఆమె ఆ పిల్ల వంక చూసింది. పాట కట్టి పాడిన పిల్ల. అంతా అర్థమైంది.

"దానికెలా తెలుస్తుంది వదినా? అప్పటికింకా ఆ పాఠం చెప్పందే" అంది ఆమె. జీవితంలో లెక్కల విషయంలో ఆడిన మొదటి అబద్ధం అదే. "సెంటర్లోనే ఉండనీ. మధ్యలో మారిస్తే పిల్ల తికమకపడుతుంది."

ఉడత వీధి మలుపు దాకా వచ్చింది.

"అత్తా, ఆ పాఠం అప్పటికే చెప్పావు."

"తెలుసే."

"అక్కడ మా ఫ్రెండ్సంతా ఉంటారు. అమ్మ తనంతట తనే మాన్పిస్తానంటే... నేనేం మాట్లాడలేదు." పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీకు కోపం వచ్చిందా?"

"కోపమెందుకే, పిచ్చి మొహమా! పెన్సిలు సన్నగా చెక్కుకో. అక్కడ ఎవరూ చెప్పరు."

ఆమె తిరిగొచ్చేసరికి దర్జీ కుట్టుమిషను ఆపి ఎదురుచూస్తున్నాడు.

"ఏమైందమ్మా? పిల్ల మళ్ళీ వస్తుందా?"

"సాధన లేదు" అంది ఆమె అలవాటుగా.

"అయ్యో రామ! అక్కడికెళ్ళి మళ్ళీ అదే మాటన్నారా?"

ఆమె నవ్వుతూనే మెట్లెక్కింది. తలుపు గడియ పెట్టుకున్నాక, చాప మీద కూర్చుని ఏడ్చింది.