రెండు పంచాంగాల నడుమ హోసూరు ఇల్లు

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. కానీ హోసూరులో చిన్న అపార్ట్‌మెంటు కొనాలి, కృష్ణగిరి నుంచి పోయి చూసి రావడానికి ఒక పూట చాలునా అని ఈ మధ్య ముగ్గురు అడిగారు. చాలు. నాకే చాలలేదు. అందుకని రెండువేల ఆరులో పోయివచ్చిన రోజు గురించి చెబుతాను.

మాకు ఇల్లు కావలసి వచ్చింది నా భార్య నాగరత్న గుండె వల్ల. నెలకొకసారి బెంగళూరు ఆసుపత్రికి తీసుకుపోవాలి. కృష్ణగిరి నుంచి రెండున్నర గంటలు, హోసూరు నుంచయితే గంట. పైగా ముప్పై ఏళ్ళు అద్దె ఇళ్ళలోనే కాపురం. నేను సైకిల్ షాపు నడిపినవాణ్ణి, చదివింది అయిదో తరగతి, మిగతా చదువంతా పొట్లాల కాగితాల మీద సాగింది. ఇల్లుగలవాళ్ళ గురించి మాత్రం ఏ కాగితమూ నేర్పనంత నేర్చుకున్నాను. ఒకాయన మేము ఖాళీ చేసేరోజు గోడల మీద మేకు చిల్లులు వెదకడానికి టార్చిలైటు పట్టుకొని వచ్చాడు, పట్టపగలు. మా పెళ్ళిఫోటో ఆ ముప్పై ఏళ్ళూ ట్రంకుపెట్టె మీద గోడకు ఆనుకొనే ఉంది.

జూన్‌లో అడ్వాన్సు ఇచ్చిన రోజే నాగరత్న హోసూరు ఇనుపకొట్లో నాలుగు మేకులు కొనింది. ఇల్లు కట్టి అమ్ముతున్న మేస్త్రి వెంకటప్ప తాళంచెవి చేతికిచ్చి, "రిజిస్ట్రేషన్ నిదానంగా అయితాది, మీరు వచ్చి ఉండండప్పా" అన్నాడు. నేనే వద్దన్నాను. వారంలో ఆషాఢం, కొత్త ఇంట్లో చేరకూడదు. మన ఆషాఢం ముగిసేసరికి తమిళుల ఆడి మాసం నడుస్తోంది. ఇరుగుపొరుగంతా తమిళులు, వాళ్ళ నెల కూడా పోనీ అన్నాను. ఈ ప్రాంతపు తెలుగువాళ్ళకు పండగలు రెండింతలు, చెడ్డ నెలలూ రెండింతలు.

"ఏమయ్యా, నెల బాగలేదని నా గుండె ఆగి చూస్తాదా?" అనింది నాగరత్న.

ఆడి ముగియడానికి ఇంకా పదిహేను రోజులుందనగా ఒక తెల్లవారుజామున ఆయాసం ఎక్కువైంది. కారులో బెంగళూరికి బయలుదేరాము. శూలగిరి దాటాక నా భుజం మీద తల వాల్చింది. హోసూరు వచ్చేసరికి ఆమె లేదు.

నెల తిరక్కముందే, ఆ ఇల్లు ఇక వద్దని చెప్పడానికి పోయినాను. ఏడున్నరకు కృష్ణగిరిలో బెంగళూరు బస్సు ఎక్కాను, టికెట్టు పదిహేడు రూపాయలు. ఉదయం పోయేవాళ్ళు ఎడమపక్క కూర్చోండి, ఎండ తగలదు. రాయకోట, ఉద్దనపల్లి మీదుగా ఇంకో దారి ఉంది, పచ్చగా ఉంటుంది, ఆలస్యం. నేను ఆ దారిన పోవలసింది. శూలగిరి కొండ కనబడగానే కళ్ళు మూసుకున్నాను.

"పెద్దాయనా, దిగేదెక్కడ? నిద్రపోతే బెంగళూరే!" అన్నాడు కండక్టరు.

"నిద్ర కాదప్పా."

"అట్లయితే కండ్లు తెరువు. కొండకు టికెట్టు లేదులే, ఊరికే చూడు."

బస్సంతా నవ్వింది. తెరిచాను.

తొమ్మిదికి హోసూరు. బస్టాండు పక్క మెస్సులో ఇడ్లీ తిన్నాను. వడ్డించే అమ్మ రెండో గ్లాసు తెచ్చి ఎదుటి ఖాళీ కుర్చీ ముందు పెట్టి, "అమ్మ చెయ్యి కడుక్కోను పోయిందా?" అని అడిగింది. జూన్‌లో ఇద్దరమూ అక్కడే తిన్నాము. గ్లాసు అక్కడే వదిలి లేచాను.

షేరు ఆటోలో ఐదు రూపాయలు, పది నిమిషాలు. రెండో అంతస్తు. వెంకటప్ప అక్కడే ఉన్నాడు. అమ్మేటప్పుడు ఆయన చెప్పిన మిగతా మాటలేమోగానీ, నిశ్శబ్దం మాత్రం నిజంగా ఉంది. దూరంగా బెంగళూరు రైలు కూత ఒక్కటి వినబడింది.

"ఇల్లు వద్దు వెంకటప్పా. ఆమె లేనప్పుడు నాకెందుకు?"

ఆయన తలగుడ్డ తీసి మెట్టు మీద కూలబడ్డాడు. "అయ్యో, ఎప్పుడప్పా?"

"ఆడిలో."

ఆడి అనగానే ఆయన తల దించుకున్నాడు. "అడ్వాన్సు ఇచ్చిన పొద్దు నువ్వు కిందికి దిగినాక అమ్మ నన్ను పిలిచింది. ఫోటోకు ఈ గోడ బాగుంటాదా, ఆ గోడనా అని. ఈడ ఎండ పడతాదమ్మా, ఆడ కొట్టుకోండి అంటిని. పెన్సిల్‌తో గుర్తు కూడా పెట్టింది. సున్నం వేసేటప్పుడు దాన్ని చెరపొద్దని మావాళ్ళకు చెప్పినాను."

చూశాను. తెల్లటి గోడ మీద నా కంటి ఎత్తున చిన్న అడ్డగీత. తన తలకన్నా ఎత్తు. నా ఎత్తు గుర్తుపెట్టుకొని గీసింది.

నేను మూఢనమ్మకాల మీద సైకిల్ షాపులో ఎన్ని ఉపన్యాసాలిచ్చానో లెక్కలేదు. అయినా ఇరుగుపొరుగు ఏమంటారోనని ఒకటికి రెండు నెలలు ఆగాను. ఆ ఇరుగుపొరుగులో ఒక్కరి పేరు కూడా అప్పటికి నాకు తెలియదు. మంచిరోజు కోసం చూస్తూ కూర్చుంటే ఉన్న రోజులు కూడా లేచిపోతాయి. ఇల్లు చూడబోయేవాళ్ళకు నేను చెప్పగల పనికొచ్చే మాట ఒకటే: మధ్యాహ్నం పోయి, వంటింటి కొళాయి తిప్పి, నీళ్ళు వస్తే ఆ వారమే చేరిపోండి.

ఆసుపత్రి ఫైలు సంచి అలవాటుకొద్దీ నా వెంటే ఉంది. మేకుల పొట్లం అందులోనే ఉంది. వెంకటప్పను సుత్తి అడిగాను. మొదటి మేకు వంకరపోయింది. రెండోది ఆ గీత మీదే దిగింది. దానికి సంచి తగిలించి, ఆయన తెచ్చిన టీ తాగాను.