సినిమాలో లేని ఫైటు

నేను చెప్పబోయేది పెద్ద నేరమేమీ కాదు. పోలీసులు పట్టించుకోరు. విన్నవాళ్ళు "ఓస్, ఇంతేనా" అని నవ్వినా నవ్వొచ్చు. అయినా దీన్ని ఇరవై ఏళ్ళకు పైగా మోస్తున్నాను. మోసి మోసి అలవాటైపోయిందని ఒక్కోసారి అనుకుంటాను. ఎవరైనా కొత్త సినిమా గురించి "చూశావా, ఎలా ఉంది?" అని అడగ్గానే అలవాటు కాలేదని తెలిసిపోతుంది. సినిమాలు చూడనని అబద్ధం చెప్పి తప్పించుకుంటాను.

మీరెవరో నాకు తెలియదు. అదే నయం. మాది కోవిల్‌పట్టి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మావాళ్ళు తెలుగు మాట్లాడతారే గాని ఒక్క అక్షరం చదవలేరు. నేను పెళ్ళయి చిత్తూరు వైపు వచ్చాక నేర్చుకున్నాను. అంటే నా తప్పును మావాళ్ళెవరూ చదవలేని అక్షరాల్లో రాసుకుంటున్నానన్నమాట. ఇందులోనూ పిరికితనం ఉంది. తెలిసే రాస్తున్నాను.

మా అమ్మ తమ్ముడు రంగసామి. నాకు రంగ మామ. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లల తలలకు మందు కలిపే పని. ఒకరోజు ఆ మందు అంటుకుంది. మనిషి మిగిలాడు, కళ్ళు మిగల్లేదు. అప్పటికి నేను బడికి పోతున్నాను. మామకు ఇంకా పెళ్ళి కాలేదు. ఆ తర్వాత ఆ ఊసే ఎవరూ ఎత్తలేదు. మా ఇంట్లోనే, మా అవ్వ దగ్గరే ఉండిపోయాడు.

మామకు సినిమా అంటే ప్రాణం. కళ్ళు పోయినా ఆ ప్రాణం పోలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. మాటలు తనే వినేవాడు, తెర మీద జరిగేది నేను చెవిలో చెప్పాలి. తమిళ సినిమాకు మా ఇంటి తెలుగులో నా గుసగుస. ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి కసిరేవాళ్ళు. మామ సంగతి తెలిశాక ఊరుకునేవాళ్ళు. నేను బాగా చెప్పేదాన్ని. ఈ మాట గొప్పకే అంటున్నాను, ఎందుకంటే ఆ గొప్పే తర్వాత నా కొంప ముంచింది.

మా వీధి నిండా అగ్గిపెట్టెల పనివాళ్ళే. ఆదివారం సెలవు. ఏ సినిమాకు పోవాలన్నా అందరూ కలిసే పోయేవాళ్ళు, అదీ మామ ముందు పోయి విని వచ్చి సరే అంటేనే. గుడ్డివాడి మాట మీద సినిమాకు పోవడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. కళ్ళున్నవాళ్ళకు కలర్ కనబడుతుంది, రంగసామికి కథ కనబడుతుంది అని మా వీధిలో అనేవాళ్ళు. మామ ఒక్క తెర మాటలే వినేవాడు కాదు. హాలునంతా వినేవాడు. ఈలలు ఎక్కడ పడ్డాయి, దగ్గులు ఎక్కడ మొదలయ్యాయి, కుర్చీలు ఎప్పుడు కిర్రుమన్నాయి. సాయంత్రం అరుగు మీద కూర్చుని సినిమాను మళ్ళీ నడిపించేవాడు. పెట్టెలు అతికించే ఆడవాళ్ళు చేతులాపి వినేవాళ్ళు. కళ్ళు పోయినవాడికి ఊళ్ళో మిగిలిన పరపతి అదొక్కటే. అది నాకు తెలుసు. తెలియదని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

తొంభైల చివర్లో ఒక ఇంగ్లీషు సినిమా తమిళంలోకి మార్చి వచ్చింది. ముసుగేసుకుని, గాలిని పిడికిట్లో పట్టుకుని కొట్టే మనిషి కథ. అసలు పేరు మాకెవరికీ నోరు తిరగలేదు. మా వీధికి అది "గాలి మనిషి పడం". పడమంటే తమిళంలో సినిమా. వాడు పోతున్న రైలును ఆపినప్పుడు హాలంతా లేచి నిలబడింది. నేను చెప్పిందీ, మామ విన్నదీ, వీధంతా వెళ్ళి చూసిందీ అన్నీ ఒక్కటే అయ్యాయి. పిల్లలు ఏడాది పొడుగునా తువ్వాళ్ళు మెడకు కట్టుకుని తిరిగారు.

కొన్నేళ్ళకు రెండో భాగం వచ్చింది. అప్పటికి నేను విరుదునగర్‌లో కాలేజీ చదువుతున్నాను, రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. సినిమా ముందు విరుదునగర్‌కు వచ్చింది, కోవిల్‌పట్టికి తర్వాత వస్తుందన్నారు. మామ ఆగలేకపోయాడు. శనివారం మధ్యాహ్నం ఆటకు నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కాడు. దారంతా చిన్నపిల్లాడిలా మొదటి భాగం కథ నాకే చెప్పాడు.

సినిమా ఏమీ బాగాలేదు. మొదటి పావుగంటలోనే తెలిసిపోయింది. గాలి మనిషి కిటికీ దగ్గర నిలబడి దిగులు పడతాడు. ఇంకో కిటికీ దగ్గరికి పోయి మళ్ళీ దిగులు పడతాడు. ఫైట్లన్నీ చీకట్లో తీశారు. తెర నల్లగా ఉంటే నేనేం చెప్పాలి? మామ చెవి నా వైపు వంచి కాచుకుని ఉన్నాడు. ధబ్, ధబ్ అని చప్పుళ్ళు. "ఏమాయ, ఏమాయ?" అంటాడు. నాకూ తెలియదు.

మెల్లగా కల్పించడం మొదలుపెట్టాను. మొదట చిన్నవే. వాడు గోడెక్కాడు, వీడు దూకాడు. మామకు మధ్యలో అనుమానం వచ్చింది. జనం కుదురుగా కూర్చోలేదే, పిల్లలేడుస్తున్నారే, సినిమా బాగాలేదా అని అడిగాడు. ఫ్యాన్లు తిరగడం లేదు మామా, ఉక్కకు ఏడుస్తున్నారు అన్నాను. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఆ గాలి మామ మొహానికీ తగులుతూ ఉండాలి. అయినా నా మాటే నమ్మాడు.

ఇక చివరి ఫైటు. అందులో మాటలు లేవు, ఒట్టి సంగీతం, చప్పుళ్ళు. విలన్ గాలి మనిషి కళ్ళల్లో ఏదో పొడి చల్లాడని చెప్పాను. వాడికి కళ్ళు కనబడటం లేదన్నాను. చెవులతోనే, అడుగుల చప్పుడు విని విని కొడుతున్నాడు మామా, చూడు, వాడెటు తిరిగితే అటే తగులుతోంది దెబ్బ అన్నాను. మామ నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా. ఏడుస్తున్నాడని కాసేపటికి అర్థమైంది.

అది దయా? చాలా ఏళ్ళు దయే అని సర్దిచెప్పుకున్నాను. నిజంగా చూసుకుంటే, విసుగు పుట్టి, ఆ విసుగులో నా తెలివి నాకే ముచ్చటేసి, ఒక మనిషి నా మాటకు ఏడుస్తుంటే ఇంకాస్త ఏడిపించాలనిపించి చేసిన పని అది. బయటికొచ్చాక నూనె పరోటా తిన్నాం. మామ రెండు తినేవాడు నాలుగు తిన్నాడు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. నవ్వులో కొట్టుకుపోయేది. చెప్పలేదు.

మామ ఆ ఫైటును అరుగు మీద వారమంతా చెప్పాడు. చేతులు తిప్పి, తల వంచి, అడుగుల చప్పుడు నోటితో చేసి చూపించాడు. నేను లోపల పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. సినిమా కోవిల్‌పట్టికి రాగానే, ఆ ఆదివారం పిల్లాజెల్లాతో వీధి వీధంతా కదిలింది. సాయంత్రం తిరిగొచ్చి నేరుగా మా అరుగు దగ్గరికే వచ్చారు. మామ అరుగు మీద, నేను గడపలో ఉన్నాం.

"పాతి పడం ఇరుట్లోనే పాయ. ఎవుడు ఎవుణ్ణి కొడ్తాడో ఆ సామికే తెల్ల" అన్నాడొకాయన. సగం సినిమా చీకట్లోనే పోయిందని ఆయన గోల.

"మొదటి పడంలో రైలు నిలిపినాడు. దీంట్లో సుమ్మా, ఊరికే కిటికీ కాడ నిలబడి ఏడస్తాడు!"

"విల్లన్ మెట్ల మింద జారి పడి సచ్చిపాయనే! దానికి గాలి మనిసి దేనికి, మా నీళ్ళు పోసుకునే జాలాట్లో పాచి చాలదా?"

అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు, ఇంకా ఏమీ అర్థం కాక. అప్పుడు ఎదురింటి చెల్లమ్మక్క ముందుకొచ్చింది. పెట్టెల పనిలో చేతులెంత వడివో నోరూ అంత వడి.

"రంగసామీ, కండ్లు పోయినాంక చెవుల్తో కొట్టినాడంటివే, ఆ ఫైటు యాడప్పా? దానికోసరం నేను ఇంటర్వెల్‌లో టీ గూడ తాగకుండా కూసోనుంటి."

"ఉండాదక్కా. కడసీలో వస్తాది. మీరు ముందే లేసొచ్చేసినారేమో."

"లైట్లేసిందాకా ఉంటిమి. అట్టాంటిది లేనే లేదు."

మామ మొహంలో నవ్వు పోలేదు. నా గొంతు ఎక్కడుంటుందో వెతుక్కుంటున్నట్టు తల తిప్పాడు. "మా పాపను అడగండి. పాప కండ్లారా చూసింది. ఏ పాపా, చెప్పమ్మా."

నేను నోరు తెరిచేలోపే చెల్లమ్మక్క అందుకుంది. "పాపకేం? ఇరుట్లో మామ చెవికాడ నోరు పెట్టి అది ఏం చెప్పిందో, ఆయనకేం యినపడిందో! అది పడం కతనా, సొంత కతనా? అవ్వా, ముహూర్తం ఎప్పుడు?" అని మా అవ్వ వైపు తిరిగింది.

వీధి గొల్లుమంది.

మాలో మేనమామను చేసుకోవడం ఉన్నదే. చెల్లమ్మక్క కల్పించింది కాదు. ఆ మధ్య అవ్వ కూడా నన్ను చూసి, మామను చూసి, రెండు మూడుసార్లు ఊరికే నిట్టూర్చింది. కాలేజీ మానిపించి గుడ్డి మామకు నన్ను కట్టబెడతారేమోనని రాత్రిళ్ళు నాకు నిద్ర పట్టేది కాదు. మామ మనసులో అలాంటిది ఎప్పుడూ లేదు. ఆయన నన్ను ఎత్తుకుని పెంచాడు. కానీ ఆ నవ్వులో నిలబడి నేను మామ గురించి ఆలోచించలేదు. ఎలాగైనా ఆ చీకటి హాల్లోంచి, ఆ చెవి పక్కనుంచి నన్ను నేను బయటికి లాక్కోవాలి. అంతే.

"నేనేం చెప్పలా" అన్నాను. "ఇంటర్వెల్ అయినాంక మామ తూంగిపాయ. నిద్దట్లో ఏం కల కన్నాడో."

నవ్వు ఇంకా పెద్దదైంది. ఈసారి నా మీద కాదు.

మామ అరుగు అంచును చేత్తో తడిమాడు. తర్వాత చిన్నగా అన్నాడు. "ఔనబ్బా. తూంగినట్టుండా. బస్సులో వచ్చిన అలుపు."

ఇది నేను చేసింది.

తర్వాత మామ నన్నొక్క మాట అడగలేదు. కోపం చూపించలేదు. సినిమాకు రమ్మని పిలవడం మాత్రం మానేశాడు. వీధిలో ఎవరైనా "ఏ పడానికి పోదాం రంగసామీ?" అంటే, "మీరే చూసి చెప్పండప్పా" అనేవాడు. కొన్నాళ్ళకు అడగడమూ మానేశారు. బాగాలేని సినిమాకు మా వీధిలో ఒక పేరు పుట్టింది. రంగసామి తూక్కం. రంగసామి నిద్ర. పిల్లలు కూడా అనేవాళ్ళు, మామ వినేట్టే.

అది కూడా పోనీ అనుకోవచ్చు. ఊరి వేళాకోళం ఎన్నాళ్ళుంటుంది? నన్ను తినేది వేరే ఉంది. మామకు తన చెవుల మీద నమ్మకం పోయింది. పాలవాడి బెల్లు వినబడితే లేచి, మళ్ళీ కూర్చుని, "బెల్లు కొట్టిందా?" అని అవ్వను అడిగేవాడు. రేడియోలో వార్త విని, అది రేడియో చెప్పిందా, తనకు తోచిందా అని అడిగేవాడు. బస్టాండులో కండక్టర్ ఊరి పేరు అరిచినా కదిలేవాడు కాదు. పక్కవాళ్ళు కూడా చెప్పాలి. కళ్ళు ఫ్యాక్టరీ తీసుకుంది. చెవులు నేను తీసుకున్నాను. ఆ హాల్లో జనం విసుగును ఆయన చెవులు సరిగ్గానే పట్టాయి. నేను కాదన్నాను. అరుగు మీదా అవి సరిగ్గానే ఉన్నాయి. మళ్ళీ కాదన్నాను.

నిజంగా నమ్మాడా? ఈ ప్రశ్న దగ్గరే ఏళ్ళ తరబడి ఆగిపోయి ఉన్నాను. నా మణికట్టు పట్టుకుని ఏడ్చిన మనిషికి, తను నిద్రపోలేదని తెలియదా? తెలిసే నన్ను కాపాడాడా? అలాగైతే ఆ బెల్లు అనుమానాలన్నీ ఏమిటి? నమ్మాడనుకుంటే నేను చేసింది తట్టుకోలేను. కాపాడాడనుకుంటే అది ఇంకా తట్టుకోలేను. రోజుకొకటి అనుకుంటాను. నా చదువు ఆగలేదు. ముహూర్తం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నాకు కావలసింది నాకు దక్కింది, ఆ సంగతీ దాచను.

రెండువేల దశకం చివర్లో మామకు జబ్బు చేసింది. నేను బిడ్డను చంకనేసుకుని కోవిల్‌పట్టికి వెళ్ళాను. ఈసారి చెప్పేయాలని బస్సులో మాటలు కూడబలుక్కున్నాను. మంచం పక్కన కూర్చుని "మామా, నేను వచ్చినా" అన్నాను. మామ మొహం వెలిగింది. తల నా వైపు తిరిగింది. అంతలోనే ఆగి, అవతలి పక్కనున్న మా అమ్మను మెల్లగా అడిగాడు.

"పాప నిజంగానే వచ్చిందా అక్కా?"

"వచ్చిందిరా" అని అమ్మ చెప్పింది. నేను ఆయన చేయి పట్టుకున్నాను. కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు. బిడ్డకు పాలు పట్టాలని లేచి వచ్చేశాను. ఆ నెలలోనే మామ పోయాడు.

మీరు నన్ను క్షమించాలని ఇది రాయడం లేదు. క్షమించగలిగిన మనిషి లేడు. మీరు తిట్టినా నాకు బాధ లేదు. ఒక్క మాట ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి ముందు నా నోటితో అనాలి. ఇప్పుడు గది తలుపు వేసుకుని, రాస్తూ పైకే చదువుతున్నాను.

మామ నిద్రపోలేదు. సినిమా అయ్యేదాకా మెలకువగానే ఉన్నాడు. ఆ ఫైటు నేనే చెప్పాను. ఆయన సరిగ్గానే విన్నాడు.