తలుపు వెనక పరుపు

టీచరమ్మ పోయిన సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి ఫోను చూస్తే, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒకప్పుడు మేము అద్దెకున్న విల్లా వాళ్ళ గ్రూపులో, "మన టీచర్ గారు ఇక లేరు, గుండెపోటు" అని ఒక మెసేజి. దాని కింద వరసగా దణ్ణాల బొమ్మలు. ఆ దణ్ణాల మధ్యలోనే ఎవరో అడిగారు, "ఆవిడ పోర్షన్ ఎప్పుడు ఖాళీ అవుతుంది? మా కజిన్ ఫ్యామిలీ వస్తోంది" అని. పాలు పొంగి పొయ్యంతా అయింది. ఏడుపు రావలసిన చోట నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఇది రాస్తున్నాను. చదివేవాళ్ళు కాస్త ఓర్చుకోవాలి.

ఆవిడ దోహాలో మన పిల్లలు చదివే ఒక బడిలో సోషల్ టీచరు. రాజమండ్రి మనిషి. భర్త పోయాక కూడా ఉద్యోగం వదలకుండా ఇక్కడే ఉండిపోయారు. పెద్ద విల్లాను అడ్డగోడలు కట్టి పోర్షన్లు చేస్తే, వెనక వైపు చిన్న హాలూ, గదీ, వంటిల్లూ ఆవిడవి. పక్క పోర్షన్ మాది. తర్వాత మేము అల్ వక్రా మారిపోయాం కానీ శుక్రవారం వస్తే మా అబ్బాయిని తీసుకుని ఆవిడ ఇంటికి వెళ్ళడం మాత్రం మానలేదు.

ఆ హాలు తలుపు పూర్తిగా తెరుచుకునేది కాదు. వెనకాల ఒక పరుపు చుట్టి, తాడు కట్టి నిలబెట్టి ఉండేది. తలుపు దానికి తగిలి ఆగిపోయేది. అసలే నేను కాస్త ఒళ్ళున్న మనిషిని. "పక్కకి తిరిగి రామ్మా" అనేవారు లోపలినుంచి, నవ్వుతూ. ఒకసారి నా చున్నీ గొళ్ళేనికి చిక్కుకుని చిరిగింది.

"గా పరుపు తీసి అవతల పారెయ్యరాదా టీచరమ్మా? ఇంట్లకు రానీకి సర్కస్ చెయ్యాల్నా?" అన్నాను.

"పారేస్తే, రేపు అవసరానికి నువ్వు కొనిస్తావా?" అన్నారు. ఆ అవసరం ఏమిటో నాకు అప్పటికి తెలియదు.

శుక్రవారం పొద్దున పిల్లలకు ఆవిడ ఒక పాఠం చెప్పేవారు. బడి పాఠం కాదు, పరీక్షకు వచ్చేదీ కాదు. ఆ వారం ఆవిడకు ఏది చెప్పాలనిపిస్తే అది. ఏసీ చప్పుడుకి మాట వినపడదని కట్టేసేవారు. చెమటలు కారుతున్నా ఎవరూ కిక్కురుమనకూడదు. మేము తల్లులం వెనకాల టీ తాగుతూ కూర్చునేవాళ్ళం. ఏడాదికి ఒకసారైనా తప్పకుండా వచ్చే పాఠం ఒకటుంది, అమెరికా వాళ్ళ అంతర్యుద్ధం. దానికి పిల్లలందరినీ పెరట్లో బట్టలారేసే తాడు దగ్గరకు తీసుకెళ్ళేవారు.

నీలం క్లిప్పులు ఉత్తరాది, పసుపువి దక్షిణాది. మనుషుల్ని కొని, అమ్మి, పొలాల్లో చాకిరీ చేయించుకునే పద్ధతి ఎక్కడ పోతుందోనని పసుపు క్లిప్పులు తాడు మీద ఒక పక్కకు జరిగిపోయేవి. మాకు వేరే దేశం కావాలనేవి. నీలంవి కుదరదనేవి. ఇక యుద్ధం. పిల్లలు క్లిప్పులతో కొట్టుకునేవాళ్ళు, ఆవిడ కొట్టుకోనిచ్చేవారు. చివరకు పసుపువి ఓడిపోయేవి. అన్నిటినీ ఊడదీసి ఒకే బక్కెట్లో వేసేవారు. సరిగ్గా ఆ సమయానికి వీధి చివర మలయాళీ హోటలు నుంచి సమోసాలు వచ్చేవి. పిల్లలు చప్పట్లు కొట్టి లేచేవాళ్ళు.

"కూర్చోండర్రా. సమోసాలు ఎక్కడికీ పోవు. ఇంకా సగం పాఠం ఉంది."

"యుద్ధం అయిపోయింది కద టీచర్. బానిసలు ఫ్రీ అయిపోయిన్రు కద," అని మావాడు గునిసేవాడు.

"అయిపోయారు. చాలా మంచి సంగతి. మరి ఆ రాత్రి ఎక్కడ పడుకున్నారు?"

అప్పుడు చెప్పేవారు ఆవిడ. భూమి ఇస్తామన్నారు, కొందరికి ఇచ్చి కూడా వెనక్కి లాక్కున్నారు. యుద్ధం గెలిపించిన అధ్యక్షుణ్ణి కాల్చి చంపితే, తర్వాత వచ్చినాయన పాత దొరలకు క్షమాభిక్ష పత్రాలు రాసిచ్చాడు. పనీ పాటా లేకుండా తిరుగుతున్నారని పట్టుకుని జైల్లో వేసే చట్టాలు చేశారు. పని చూపించాలంటే మళ్ళీ ఆ పాత పొలానికే పోవాలి. అయినా వాళ్ళు ఊరుకోలేదు. బళ్ళు పెట్టుకున్నారు. మనవలతో పాటు తాతలు కూర్చుని అక్షరాలు దిద్దారు. ఓటేశారు, చట్టసభల్లో కూర్చున్నారు. ఆ మాట చెప్పేటప్పుడు టీచరమ్మ మొహం వెలిగిపోయేది. వెంటనే మళ్ళీ నల్లబడేది. రాత్రిళ్ళు ముసుగులేసుకుని వచ్చి చంపేవాళ్ళు చంపారు, కాపలా ఉన్న సైన్యం కాస్తా నాయకుల మధ్య బేరం కుదిరి ఇంటికెళ్ళిపోయింది.

"నాలుగేళ్ళ యుద్ధానికి బొమ్మలతో సహా పేజీలకు పేజీలు," అనేవారు మాతో, పిల్లలు సమోసాల మీద పడ్డాక. "తర్వాతి పన్నెండేళ్ళకి ఒక్క పేరా. అసలు దేశం బాగుపడటమో చెడిపోవటమో తేలింది ఆ పన్నెండేళ్ళలో కదమ్మా! బడిలో అడిగితే పోర్షన్ అవ్వాలి మేడం అంటారు. ఎవడికి కావాలి వీళ్ళ పోర్షను?" అంత సౌమ్యురాలు, ఆ ఒక్క విషయంలో ఒంటి కాలి మీద లేచేవారు.

ఒక మాట మాత్రం ఆవిడ ముందు అనకూడదు. మా విల్లా ముందు భాగంలో ఉండే హౌస్ డ్రైవరు ఒకాయన, భీమవరం వైపు మనిషి, ఒక శుక్రవారం టీ గ్లాసు పట్టుకుని, "మేమూ బానిసలమేలెండి టీచర్ గారూ, డ్యూటీకి టైమూ పాడూ లేదు" అన్నాడు నవ్వుతూ.

"అలా అనకు నాయనా," అన్నారు ఆవిడ. "నిన్ను ఎవరూ సంతలో నిలబెట్టి పళ్ళు చూసి కొనలేదు. నీ బిడ్డల్ని విడిగా అమ్మలేదు. నీ కష్టం నీదే, దానికి వేరే మాట ఉంది, ఆ మాటతో అడుగు. వాళ్ళ మాట వాళ్ళకి వదిలెయ్." ఆయన మొహం చిన్నబోయింది. మళ్ళీ ఆవిడే ఇంకో సమోసా పెట్టి, డ్యూటీ వేళల సంగతి ఎవరితో ఎలా మాట్లాడాలో అరగంట కూర్చుని చెప్పారు. ఓనరు ఒప్పుకోకపోయినా పని మారొచ్చని రూలు మారింది కదా, ఇంకేం బాధ అనేవాళ్ళ మీద కూడా అంతే కోపం ఆవిడకు.

పరుపు కథ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మేము రాకముందు ఒక ఇంటిపనామెకు ఈవిడే దగ్గరుండి సాయం చేశారట. పని మారేందుకు అర్జీ పెట్టించి, ఆఫీసుకు తోడెళ్ళి, సరేనని మెసేజి వచ్చిన రోజున పాయసం వండి పెట్టారట. ఆమె పాయసం తిని, దణ్ణం పెట్టి, సంచీ తీసుకుని గేటు దాటింది. కొత్త పనిలో చేరడానికి ఇంకా రోజులున్నాయని, ఈలోగా ఆమెకు తల దాచుకునే చోటు లేదని టీచరమ్మకు తట్టలేదు. మొహమాటపడి ఆమే చెప్పలేదు. వారం తర్వాత సముద్రం ఒడ్డున కార్నిష్ దగ్గర బెంచీ మీద అదే సంచీతో కనిపించిందట.

"పాతికేళ్ళుగా ఆ ప్రశ్న పిల్లల్ని అడుగుతున్నదాన్ని," అన్నారు నాతో. "నా ఇంట్లో మనిషిని అడగలేదు చూడు. పాయసంతో పాఠం ముగించేశాను." ఆ మర్నాడే పరుపు కొన్నారు. అప్పటినుంచి ఒక పని వదిలి ఇంకో పనిలో చేరేలోగా ఎంతమంది దాని మీద పడుకున్నారో నాకు తెలియదు. ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. తలుపు పూర్తిగా తెరుచుకుంటే పరుపు వాడకంలో ఉన్నట్టు, అంతే.

ఆవిడ పోయిన రోజున తలుపు పూర్తిగా తెరుచుకుంది. ఆ పరుపు మీద రమణమ్మ ఉంది. రాయచోటి దగ్గర పల్లె, ఇక్కడ ఇళ్ళలో పని. పాత ఇంటివాళ్ళు మర్యాదగానే కాయితాలిచ్చి పంపారు. కొత్త ఇంటివాళ్ళు దేశంలో లేరు, వచ్చే నెల గానీ రారు. ఛాతీలో నొప్పని టీచరమ్మ అంటే, డ్రైవరును లేపి అంబులెన్సు పిలిపించింది రమణమ్మే. శవపేటిక రాజమండ్రి వెళ్ళిపోయింది. రమణమ్మ మాత్రం, ఇంటి ఓనరు వచ్చి తాళం వేసేదాకా, ఆ ఖాళీ ఇల్లు ఊడుస్తూ కూర్చుంది.

ఆయన తాళం వేసిన రోజు సాయంత్రమే మన తెలుగు సంఘం వాళ్ళు ఒక హోటలు మేడ మీద సంతాప సభ పెట్టారు. పెద్ద ఫ్లెక్సీ. దాని మీద "బానిస సంకెళ్ళు తెంచిన మహాతల్లి" అని రాయించారు. అది చూడగానే నాకు తల తిరిగింది. ఆవిడ బతికుండగా ఆ ముక్క చూసి ఉంటే ఫ్లెక్సీని ఆవిడే చింపేవారు. ఒక్కొక్కరూ మైకు పట్టుకుని పొగిడారు. మంచివాళ్ళే, కాదనను. అధ్యక్షుడు గారు రమణమ్మను వేదిక మీదకు పిలిచి, "టీచర్ గారి చలవతో స్వేచ్ఛ పొందిన సోదరి" అని శాలువా కప్పి ఫోటో తీయించారు. ఆమె ఒక చేత్తో శాలువా, ఇంకో చేత్తో తన సంచీ పట్టుకుని నిలబడింది. ఆ సంచీ ఎందుకు తెచ్చుకుందో ఎవరూ అడగలేదు.

అంతలో సమోసాలు వచ్చాయి. అందరూ లేచారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను లేచి, గట్టిగానే అడిగాను, "అన్నా, మంచిగ మాట్లాడిన్రు. మరి ఈమె ఇయ్యాల రాత్రి ఏడ పండుకుంటది?"

"అది చూద్దాంలే అమ్మా, గ్రూపులో పెడదాం," అన్నారు అధ్యక్షుడు గారు, చాలా ఆదరంగా. "హాలు టైమైపోయింది. కింద పార్టీ వాళ్ళు వెయిట్ చేస్తున్నారు." ఎవరో నా చేతిలో కూడా ఒక సమోసా పెట్టారు. ఏం చెయ్యను, తిన్నాను. అంతకన్నా చేతకాక కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా గురించి గొడవొద్దుక్కా," అంది రమణమ్మ మెట్ల దగ్గర. "యాడో ఒక తావు దొరుకుతాదిలే. టీచరమ్మ ఉంటే ఈపాటికి నన్ను అన్నం తిన్నావా అని అడిగిండేది, అదే గుర్తుకొస్తాంది."

మా ఆయన కారు దగ్గర నిలబడి ఉన్నాడు. నా మొహం చూడగానే అర్థమైంది ఆయనకు. "ఇంట్ల జాగేడిది చెప్పు? పోరడు చదువుకోవద్దా? నేను డ్యూటీ నుంచి వచ్చి ఏడ కూసోవాలె?" అన్నాడు. అన్నీ నిజాలే. మాది హాలూ, ఒక్క గదీ, అంతే. నేను రమణమ్మకు కారు వెనక తలుపు తీశాను. ఆయన కాసేపు గొణిగి, కారు అల్ వక్రా వైపు కాకుండా ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ వైపు తిప్పాడు. ఇంటి ఓనరు దగ్గర తాళం అడిగి, పరుపును తనే మోసుకొచ్చి కారు మీద కట్టాడు. వస్తూ వస్తూ రమణమ్మ పెరట్లో బట్టల తాడు మీది క్లిప్పులు కూడా తీసుకొచ్చింది, నీలంవీ పసుపువీ ఒకే కవర్లో.

కొత్త ఇంటివాళ్ళు ఇంకా రాలేదు. గ్రూపులో ఎవరూ ఏమీ పెట్టలేదు. సంతాప సభ ఫోటోలు మాత్రం పెట్టారు, రమణమ్మ శాలువాతో ఉన్నది కూడా. మావాడు దాని కింద ఏదో రాయబోతే నేనే వద్దన్నాను.

మా హాల్లో పరుపును నిలబెట్టడానికి ఇంకెక్కడా చోటు లేదు. పొద్దున రమణమ్మ దాన్ని చుట్టి, ఆ పాత తాడే కట్టి, తలుపు వెనకాల పెడుతుంది. సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి తలుపు తోస్తాడు. అది పరుపుకు తగిలి ఆగిపోతుంది. రోజూ మర్చిపోతాడు, రోజూ బయట నిలబడి తిట్టుకుంటాడు. ఆ తర్వాత టిఫిన్ డబ్బా ఒక చేతిలో పట్టుకుని, పొట్ట లోపలికి పీల్చి, పక్కకు తిరిగి లోపలికి వస్తాడు.