మంకీ క్యాప్ తొడిగిన నల్లా

ఆ రోజుల్లో అంటే మరీ తాతల నాటి సంగతేమీ కాదు. అప్పటికే అందరి చేతుల్లోకీ స్మార్ట్‌ఫోన్లు వచ్చేశాయి. మా నారాయణఖేడ్ బస్టాండులో బస్సు కోసం కూర్చున్నవాడు కూడా ప్రపంచంలో ఏ మూల ఏం జరుగుతోందో వేలితో తోసి చూసేస్తున్నాడు. అయినా నేను వాటిని ‘ఆ రోజులు’ అనే అంటాను. ఎందుకంటే అప్పుడు భయపడినంత మనస్ఫూర్తిగా మళ్ళీ ఎన్నడూ భయపడలేదు. మొదటి ఉద్యోగంలో చేరినవాడికి అన్నీ భయాలే. ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. సారు కోప్పడితే భయం, నవ్వితే ఎందుకు నవ్వాడోనని భయం. (సారు అంటే మా యజమాని. హైదరాబాదులో క్యాంపర్ బండి అద్దెకిచ్చేవాడు. లోపల మంచం, పొయ్యి, సింకు, నీళ్ళ ట్యాంకు, గీజరు అన్నీ ఉండి, ఎక్కడ ఆపితే అక్కడ కాపురం చేసుకోగలిగే బండి అది. మా అమ్మ దాన్ని ‘ఇల్లు బండి’ అనేది.) దానికి డ్రైవర్ని నేనే, కడిగేవాణ్ణి నేనే, రాత్రి కాపలా కూడా నేనే.

ఆ ఏడు మా వైపు చలి విరగబడింది. మనూర్ నుంచి వచ్చే ఆటోల్లో జనం గొంగళ్ళు కప్పుకుని మూటల్లా దిగేవాళ్ళు. టీవీలో రోజూ మా జిల్లా పేరు చదివేవాళ్ళు. (మామూలుగా మమ్మల్ని ఎవరూ తలుచుకోరు కాబట్టి, చలి పుణ్యమా అని మాకు లోలోపల కొంచెం గర్వంగానే ఉండేది.) సరిగ్గా అప్పుడే సారు ఫోన్ చేశాడు. బీదర్ కోట చూడ్డానికి ఒక కుటుంబం వస్తోందట. బండిని ముందే మా ఊరికి తీసుకుపోయి పెడితే, వాళ్ళను తన కారులో పొద్దున్నే అక్కడికి తీసుకొస్తాడట. “ట్యాంకు నిండా నీళ్ళు పట్టి ఉంచు. వాళ్ళలో ఒక పెద్దావిడ ఉన్నారు. మీ దగ్గర చలి బాగా ఉందంటున్నారు, వాటర్ లైన్ జాగ్రత్త!” అని ఠక్కున పెట్టేశాడు. జాగ్రత్త అంటే ఏం చేయాలో చెప్పలేదు. మళ్ళీ ఫోన్ చేసి అడగడానికి నాకు భయం.

అందుకని సెల్లులో వెతికాను. మోకాళ్ళ లోతు మంచులో నిలబడి ఒక ఎర్రటి మనిషి ఇంగ్లీషులో గబగబా ఏదో చెబుతున్నాడు. మాటలు సగమే తెలిశాయి గానీ, అతను చేత్తో ఎత్తి చూపించిన పైపు మాత్రం పూర్తిగా అర్థమైంది. నిలువునా చీలి ఉంది. లోపల నీళ్ళు గడ్డ కడితే అలా అవుతుందట. పైపుల్లో నీళ్ళు మొత్తం వదిలేయడం ఉత్తమం, అది కుదరకపోతే పైపులకు మందంగా ఏదైనా చుట్టాలి, నల్లా సన్నగా కారుతూ ఉండాలి, సింకు కింది తలుపులు తెరిచి లోపలి వెచ్చదనం పైపులకు తగలనివ్వాలి అంటున్నాడు. నీళ్ళు వదలడానికి లేదు, సారు నింపమన్నాడు. ఆ చీలిన పైపు కళ్ళ ముందు నుంచి కదలదు. అది మా బండి పైపే అయినట్టు, నా ఉద్యోగం అందులోంచి కారిపోతున్నట్టు ఉండేది.

ఈ భయానికి మా కాక తోడయ్యాడు. కాక అంటే మా నాన్న తమ్ముడు, ఒకప్పుడు లారీ నడిపినవాడు. లారీతో కశ్మీర్ దాకా వెళ్ళొచ్చానని చెప్పేవాడు కాబట్టి మంచు గురించి, సేపులతోటల (యాపిల్ తోటల) గురించి ఊళ్ళో ఆయన మాటే చివరి మాట. నా సంగతి వినగానే ముక్కు మీద వేలేసుకున్నాడు.

“అరే కొడుకా, గడ్డ కట్టిన నీళ్ళు ఊకుంటయా? ఉబ్బుతయి. పైపు టప్పుమని పలుగుతది. కశ్మీర్ల నా లారీ రేడియేటర్ గట్లనే పలిగింది. ఎవలో తుపాకి పేల్చిండ్రనుకున్న!”

“మరి ఇప్పుడేం జెయ్యాలె కాకా?”

“వేడి పెట్టాలె. చలికి మందు వేడే. నేనుండంగ నీకేం పరేషాన్?”

మేం పాత బొంతలు, గొంగళ్ళు బయటికి లాగుతుంటే మా అమ్మ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. “ఏంది గీ పని? మన గోలెంల నీళ్ళు ఎన్నడన్న గడ్డ కట్టినయారా? పొద్దుగాల్నే బర్రె తాగుతలేదా?”

“వదినే, గోలెం వేరు, పైపు వేరు” అన్నాడు కాక తొణక్కుండా. “పైపు సన్నగుంటది. సన్నగున్నోనికి చలి జాస్తి.” (నేనప్పుడు పుల్లలా ఉండేవాణ్ణి. ఈ వాదన నాకు వెంటనే మనసుకు పట్టింది.)

ఇంటి వెనక కల్లంలో, కంది కట్టె కుప్ప పక్కన బండి ఆపి పని మొదలుపెట్టాం. బండి అడుగున, ట్యాంకు నుంచి సింకు దాకా పోయే ప్లాస్టిక్ పైపుకు రెండు బొంతలు చుట్టి సుతిలితో కట్టాం. సింకు నల్లాకు నా మంకీ క్యాప్ తొడిగాం. దాని ముఖం దగ్గరి కంతలోంచి నల్లా ముక్కు బయటికి పెట్టి చుక్క చుక్కగా కారేట్టు తిప్పాను. ఒక్కో చుక్క సింకులో పడి ‘టప్’మన్న ప్రతిసారీ నా గుండె ఆగేది. జారుడు తలుపు సందుల్లోంచి చలి రాకుండా కాక ఇంకో బొంతను లోపలి నుంచి గట్టిగా కుక్కాడు. ఆపైన, తెల్లవారుజామున అసలు చలి దిగుతుంది కాబట్టి, మేస్త్రీలు సిమెంటు మోసే ఇనుప తట్టలో పిడకల నిప్పులు పోసి పైపు కింద పెట్టాలని నిర్ణయించాం. లోపల వేడి ఎలా ఉందో తాను చూస్తానని కాక బండిలోని మెత్తటి పరుపు మీద పడుకున్నాడు. (అంత కష్టమైన పని నాకు చెప్పడం ఇష్టం లేక తానే తీసుకున్నాడు.)

కోడి కూసే వేళకు నేను నిప్పుల ముందు గొంతుక్కూర్చుని ఉన్నాను. పళ్ళు కటకటలాడుతున్నాయి. అది చలి వల్లో భయం వల్లో తెలియదు. పసిపిల్లకు జ్వరం చూసినట్టు మాటిమాటికీ బొంత కింద చెయ్యి పెట్టి పైపును తడిమి చూస్తున్నాను. చల్లగా తగిలిందంటే చాలు, నిప్పుల్లో ఇంకో పిడక. అవి అయిపోతే తెద్దామని గోడవతలి పిడకల కుప్ప దగ్గరికి వెళ్ళాను. వెళ్ళినంత సేపు కూడా పట్టలేదు తిరిగి రావడానికి. గాలి తిరిగింది కాబోలు, వచ్చేసరికి బండి అడుగున వేలాడుతున్న బొంత అంచు ఎర్రగా అంటుకుని ఉంది. మంట పైకి నాలుక చాస్తోంది. ఒక పక్క చెయ్యి చాపితే అందే దూరంలో ఎండిన కంది కట్టె. వెనక పెట్టెలో గ్యాస్ సిలిండర్. లోపల కాక.

పిడకలు పారేసి, తలుపు మీద రెండు చేతులతో బాదాను.

“కాకా! లే! జల్దీ లే!”

“ఏంది, పలిగిందా?” అని లోపలి నుంచి నిద్రమత్తు గొంతు.

“పలగలె! అంటుకుంది!”

తలుపు లాగాను. కదల్లేదు. మేం కుక్కిన బొంత దాని గాడిలో చిక్కుకుపోయింది. కిటికీ అద్దంలోంచి చూస్తే లోపల పొగ, పొగలో కాక ముఖం, కళ్ళు ఇంతింత. ఆయన లోపలి నుంచి తోస్తున్నాడు, నేను బయటి నుంచి లాగుతున్నాను. “అమ్మా! నీళ్ళు! నీళ్ళు తే!” అని అరుస్తున్నాను. కాళ్ళ దగ్గర వేడి తగులుతోంది. పారిపోవాలని కాళ్ళకు ఉంది, తలుపు వదలడానికి చేతులు ఒప్పుకోవడం లేదు. అంతలో కాక దగ్గుతూ అద్దానికి నోరు ఆనించి అరిచాడు.

“అరేయ్, ఊపిరాడ్తలేదు! నేను సచ్చేటట్టున్నర! నీకొక మాట జెప్త, ఇను! నేను కశ్మీర్ పోలేదురా!”

“ఏందీ?”

“నాగ్‌పూర్ దాకనే పోయిన! సంత్రాల లోడు! మంచు జూడనే లేదు!”

సరిగ్గా అప్పుడే బండి అడుగున ‘టప్’మంది. ఏ చప్పుడు వినకూడదని నేను అందరు దేవుళ్ళకూ మొక్కానో, అదే చప్పుడు. గడ్డ కట్టి కాదు, మంటకు మెత్తబడి పైపు తెగింది. నిండు ట్యాంకు నీళ్ళు ధారగా మంట మీద, నిప్పుల మీద, నా కాళ్ళ మీద పడ్డాయి. బుస్సుమని ఆవిరి లేచింది. ఇంతలో అమ్మ బకెట్టుతో పరుగెత్తుకొచ్చి మిగిలిన బొంత మీద గుమ్మరించింది. ఇద్దరం కలిసి లాగితే తలుపు ఒక్కసారిగా జారింది, కాక బురదలోకి బోర్లా వచ్చి పడ్డాడు. అమ్మ ఆయన్ని లేపి కూర్చోబెట్టి వీపు నిమిరింది. తిట్టలేదు. అమ్మ తిట్టలేదంటే ఎంత ప్రమాదం తప్పిందో నాకు అప్పుడు అర్థమైంది, అక్కడే కూలబడ్డాను.

ఆ కూలబడ్డవాణ్ణి లేవకముందే సారు కారు వచ్చింది.

సారు బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. మసి చూశాడు, వేలాడే పైపు చూశాడు. లోపలికెక్కి, నల్లా మీది మంకీ క్యాప్‌ను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని దిగాడు.

“ఇదేంటి?”

“చలికి సార్.”

“నల్లాకా?”

“మీరే అన్నరు గద సార్, చలి ఉంది, వాటర్ లైన్ జాగ్రత్త అని.”

“పెద్దావిడకు వేడినీళ్ళు కావాలి, గీజరు లైను సరిగ్గా ఉందో లేదో చూసుకోమన్నాన్రా నాయనా!”

భూమి చీలితే బాగుండునని జనం అంటారు. నాకు ఆ క్షణంలో పైపు చీలినా చాలుననిపించింది, అది అప్పటికే చీలి ఉంది. కారులోంచి ఆ పెద్దావిడ శాలువా కప్పుకుని మెల్లగా దిగింది. ఆమె పుట్టిల్లు బీదర్ వైపేనట. మమ్మల్నందరినీ ఒకసారి చూసి, మా అమ్మ వైపు తిరిగి, “బిసినీరు అదావేనవ్వా?” అని వేడినీళ్ళ కోసం అడిగింది. సరిహద్దు ఊళ్ళవాళ్ళం, ఆ మాత్రం కన్నడం మాకు తెలుసు. “కాగుల మస్తుగ మసులుతున్నయి, రా అవ్వా” అని అమ్మ ఆమెను లోపలికి తీసుకుపోయింది. వేడినీళ్ళతో స్నానం చేసి, జొన్నరొట్టె తిని, జరిగిందంతా అమ్మ నోట విని, పమిట నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ తరవాత సారుతో, “పోరని ఏమనకప్పా. పైపుకే గింత భయపడేటోడు, మనుషులను పైలంగ తీస్కపోతడు” అంది. బజారులో పొలాలకు పైపులమ్మే దుకాణం నుంచి ఒక ముక్క తెచ్చి అతికించి, ఆ మధ్యాహ్నమే బీదర్ బయలుదేరాం. నా ఉద్యోగం నిలిచింది.

కాక కొన్నాళ్ళు మా ఇంటి వైపు రాలేదు. తరవాత ఒకనాడు హోటల్ దగ్గర చాయ్ తాగుతూ సిర్గాపూర్ మనిషెవరికో సేపులతోటల గురించి చెబుతుంటే నా కంటపడ్డాడు. నన్ను చూసి సగంలో ఆగాడు. నేను పక్కన కూర్చుని, “చెప్పు కాకా, మంచు ఎంత పడ్డది?” అన్నాను. ఆయన చాయ్ ఒక గుక్క తాగి, నడుం దాకా పడ్డదని చెప్పాడు.

పోయిన చలికాలం ఒక పార్టీని తీసుకుని హిమాచల్ కొండల్లోకి వెళ్ళాను. అక్కడ నీళ్ళు నిజంగానే గడ్డ కడతాయి. సాయంత్రం ట్యాంకు ఖాళీ చేసి, నల్లాలన్నీ తెరిచి, పంపును ఆడించి పైపుల్లో చుక్క లేకుండా ఊడ్చేసి, తాగే నీళ్ళు క్యాన్లలో పోసి లోపల పెట్టుకుని పడుకున్నాను. అంతే పని. గుండె దడ లేదు, లేచి తడిమి చూడడం లేదు. పొద్దున లేచేసరికి బయట మరిచిపోయిన బకెట్లో నీళ్ళు పలకలా గడ్డ కట్టి ఉన్నాయి. ఆ పలకను ఊడదీసి రెండు చేతులతో ఎండకు ఎత్తి పట్టుకున్నాను. కల్లంలో నిప్పుల ముందు కూర్చుని పైపుకు జ్వరం చూసిన ఆ పుల్లలాంటి కుర్రాడు దీన్ని చూస్తే ఎంత సంతోషించేవాడు! వాడి భయం అబద్ధమేం కాదు, ఊరు ఒక్కటే తప్పు. నవ్వొచ్చింది. చలికి పెదాలు పగిలి ఉన్నాయేమో, ఆ నవ్వు కాస్త మండింది కూడా.