నానమ్మ నేర్చుకున్న భాష

మొన్న ఆదివారం మా పిన్ని ఇంట్లో రొయ్యలు ఒలుస్తున్నాం. ఒలుస్తున్నది నిజానికి మా పిన్నీ నేనూ మాత్రమే. మా చెల్లెలి కూతురు, అంటే పిన్నికి మనవరాలు, వేళ్ళకి వాసన పడుతుందని దూరంగా సోఫాలో ముడుచుకుని ఫోన్‌తో మాట్లాడుతోంది. ఫోన్‌లో కాదు, ఫోన్‌తోనే. అది ఏదో అంటుంది, ఫోను మెచ్చుకుంటున్నట్టు టింగుమంటుంది. ఏమిటే ఆ గొడవ అని అడిగాను. "ఎస్పెరాంటో అని ఒక భాష పెద్దమ్మా. ఊరికే సూద్దామని మొదలెట్టాను. మా ఫ్రెండ్సందరూ వేస్ట్ అంటన్నారు. జర్మన్ నేర్చుకుంటే ఉద్యోగమైనా వస్తాదంట. దీనివల్ల లాభమేటి?" అంది. పిన్ని చేతిలో రొయ్య అలాగే ఉండిపోయింది. నా వంక చూసి, "నాను సెప్పనేను గానీ, నువ్వే సెప్పు దానికి," అంది. ఆ పిల్లకి నేను జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాను. మీకు కాస్త తీరిగ్గా చెబుతాను.

డిగ్రీ అయ్యాక పై చదువుకని మా నాన్న నన్ను గోదావరి పక్కనున్న మా ఊరి నుంచి తీసుకొచ్చి విశాఖలో బాబాయి ఇంట్లో దింపారు. బాబాయి పోర్టులో గుమాస్తా. క్వార్టర్స్‌లో రెండు గదులు, ఒక వసారా. తెల్ల చీర ఆరేస్తే సాయంత్రానికి ఇనుప ఖనిజం ధూళి పట్టి కాషాయంలోకి తిరిగేది. తెల్ల చీరలు కట్టే మా నానమ్మ దాన్ని దులుపుకుంటూ, "ఈ ఊళ్ళో సన్యాసం ఊరికే ఇస్తారే," అనేది. బాబాయికి ఒక పిచ్చి వదిలితే ఇంకొకటి పట్టేది. నేను వెళ్ళేనాటికి హోమియోపతి దిగి ఎస్పెరాంటో ఎక్కింది. పాత పుస్తకాల బండి మీద దొరికిన చిన్న పుస్తకంతో మొదలట. ఎవరో కళ్ళ డాక్టరుగారు కూర్చుని కల్పించిన భాష అది. ఆయన పుట్టిన ఊళ్ళో రకరకాల భాషల వాళ్ళుండి, ఒకరంటే ఒకరికి పడేది కాదట. అందరికీ సమానంగా పరాయిదైన భాష ఒకటుంటే ఎవరూ ఎవరినీ చిన్నచూపు చూడరని ఆయన ఆలోచన. ఇంటికి పాలు పోయడానికి వచ్చినవాడికి కూడా బాబాయి ఈ కథ చెప్పేవాడు. ఓడల్లో వచ్చే విదేశీ నావికులతో దర్జాగా మాట్లాడొచ్చని బాబాయి ఆశ. ఆయన రిటైరయ్యేదాకా ఎస్పెరాంటో తెలిసిన నావికుడు ఒక్కడూ ఆయనకు తగల్లేదు.

పిన్నిది ఈ ఊరే, సముద్రపు ఒడ్డున చేపల వేటకెళ్ళే కుటుంబం. చదువుకుని, టైపు నేర్చుకుని, పోర్టు ఆఫీసులో బాబాయి సెక్షన్‌లోనే చేరింది. ఇద్దరూ ఇష్టపడి సింహాచలం కొండమీద పెళ్ళి చేసుకున్నారు. నానమ్మ అలిగి పెళ్ళికి రాలేదు. తాతయ్య పోయాక వచ్చి చిన్నకొడుకు దగ్గరే ఉండిపోయింది. వచ్చిన రోజు ముఖం ముడుచుకున్న మనిషిని పిన్ని పెట్టిన చేపల పులుసు రెండో పూటకే లొంగదీసింది. కులమూ గోత్రమూ పులుసులో కరిగిపోయాయి గానీ మాట మాత్రం కరగలేదు. సాయంత్రమయ్యేసరికి నానమ్మ వసారాలో పీట వేసుకుని, పక్క క్వార్టర్స్‌లోని కృష్ణా జిల్లావిడ దగ్గర కోడలి మాట అనుకరించేది. "‘ఏటి సేత్తన్నావత్తా?’ అంటుందండీ మా కోడలు. గారూ లేదు, అండీ లేదు, నేనేదో దాంతో గచ్చకాయలాడినట్టు!" ఇద్దరూ పడీపడీ నవ్వేవారు. నానమ్మ చెడ్డది కాదు. కోడలికి జ్వరం వస్తే తలదగ్గర నుంచి కదిలేది కాదు. ఆ నవ్వులో ఎవరికైనా దెబ్బ తగులుతుందని ఆవిడకి తోచలేదంతే.

పిన్ని మాటలు తగ్గిపోయాయి. ఊఁ, ఆఁ, సరే. కొన్నాళ్ళకి ఇంట్లో ఆ మూడే మిగిలాయి. ఆవిడ స్వభావమే అంత కాబోలనుకున్నాను, ఒకసారి వాళ్ళ పుట్టింటికి నన్ను వెంటబెట్టుకు వెళ్ళేదాకా. వలలు బాగుచేస్తున్న అన్నదమ్ముల మధ్య ఇసకలో చతికిలబడి పిన్ని మాట్లాడుతోంది, అరుస్తోంది, వాళ్ళ నాన్నని ఎగతాళి చేస్తోంది. నోరారా మాట్లాడడం అంటే ఏమిటో ఆ రోజు చూశాను. ఇంటికి తిరిగొచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే ఆ గొంతు మళ్ళీ లోపలికి పోయింది. అప్పటికి ఆవిడకి ఐదో నెల. ఆ వారంలోనే వసారాలో కూర్చుని ఉన్నప్పుడు, నేను పక్కనే ఉన్నా పట్టించుకోకుండా, బాబాయిని అడిగేసింది. "రేపు మన పిల్లకి నా మాటే వస్తాది గదా. అప్పుడు దాన్ని సూసి కూడా ఇలాగే నవ్వుతారా?" నాకైతే ఏడుపొచ్చింది.

తల్లిని కోప్పడే ధైర్యం బాబాయికి ఏనాడూ లేదు. ఆయన చేయగలిగింది ఒక్కటే, అదే చేశాడు. మర్నాటి నుంచి ఆఫీసు కాగానే ఎస్పెరాంటో పుస్తకం తీసి పిన్నితో పాఠం మొదలెట్టాడు. నన్నూ కూర్చోబెట్టాడు. నీళ్ళు అక్వో, చేప ఫిషో. గొప్పగా ఏమీ రాలేదు మాకు. బాబాయి కూడా ఒక వాక్యం పూర్తి చేసేలోపు రెండుసార్లు పుస్తకం చూసుకునేవాడు. కానీ ఆ నత్తి అందరికీ ఒకటే. ఆ భాషలో గోదావరి యాసా లేదు, విశాఖ యాసా లేదు, అందరివీ తప్పులే. రాని భాషలో పిన్ని మెల్లిగా నోరు విప్పింది. ఉప్పు ఎక్కువైందనీ, ఓడ కూత వినబడిందనీ, ఇలాంటి పనికిమాలిన సంగతులే ఇద్దరూ చెప్పుకుని పగలబడి నవ్వుకునేవారు. ఆ ఇంట్లో పిన్ని గట్టిగా నవ్వడం నేను వినడం అదే మొదలు.

దాంతో నానమ్మకి నిద్ర కరువైంది. వాళ్ళు తననే ఆడిపోసుకుంటున్నారని ఆవిడ అనుమానం. నాలుగు రోజులు చెవి వసారాలోనే వేసి చూసింది. ఒక సాయంత్రం పీట లాక్కొచ్చి మా మధ్య వేసుకుని, "నేనున్న ఇంట్లో నాకు తెలియని మాట ఏవిట్రా? నాకూ చెప్పు," అంది. బాబాయి మురిసిపోయాడు. మంచినీళ్ళు కావాలంటే ఏమనాలో చెప్పాడు. నానమ్మ గొంతు సవరించుకుని, చెంగు సర్దుకుని, ఎదురుగా పెద్దమనుషులున్నట్టు, "అక్వో అండీ," అంది. బాబాయి పుస్తకం కింద పడేసి నవ్వాడు. నేను స్తంభానికి ఆనుకుని నవ్వాను. ఇంకోసారి అనమన్నాం. ఆవిడ పాపం ఇంకోసారి అంది, ఈసారీ అండీతోనే. మాకు నవ్వు ఆగలేదు. చూస్తూండగానే నానమ్మ ముఖం ఎర్రబడింది. లేచి, పీట అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పాఠానికి రాలేదు. బాబాయి పిలిస్తే తలనొప్పి అంది. అప్పుడు పిన్ని లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళింది. "రా అత్తా. నాకేటి బాగా వచ్చేసిందా? నాను నీకంటే నాలుగు రోజులు ముందు, అంతే," అంది. నానమ్మ బియ్యం ఏరుతూనే, "నిన్న వాళ్ళిద్దరూ అంతలా నవ్వితే, నువ్వెందుకు నవ్వలేదే?" అని అడిగింది. పిన్ని గొంతులో కోపం లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది.

"నవ్వితే ఎలాగుంటాదో నాకు తెలుసు గదత్తా."

నానమ్మ చేట పక్కన పెట్టింది. లేచొచ్చి పీట మీద కూర్చుంది. ఆ సాయంత్రం పక్కింటావిడ ఎప్పటిలాగే వచ్చి, ఇవాళ మీ కోడలు ఏమందండీ అని కదిపితే, "మా అమ్మాయికి ఒంట్లో బాగోలేదండీ, పడుకుంది," అని తలుపు దగ్గరకి వేసింది. కోడలు కాస్తా అమ్మాయి అయిందని నాకు తప్ప ఎవరికీ పట్టినట్టు లేదు. పిన్ని నిజానికి లోపల చక్కగా కూర్చుని మామిడికాయ ముక్క తింటోంది.

పాఠాలు ఎక్కువ రోజులు సాగలేదు. పిన్నికి నెలలు నిండాయి, నాకు పరీక్షలొచ్చాయి. నానమ్మకి అక్వో దాటి నాలుగు మాటలు వచ్చాయేమో. అయితే ఇంకో చదువు మొదలైందని నేను కాస్త ఆలస్యంగా గమనించాను. కూరలు తరుగుతూ నానమ్మ కోడల్ని అడిగేది: దీన్ని మీరేమంటారే, మీ అమ్మ నిన్ను ఏమని నిద్రలేపేది? పిన్ని చెప్పేది. మొదట ఒకటి అడిగితే ఒకటే చెప్పేది, తరవాత ఆపమన్నా ఆపేది కాదు.

చెల్లి పుట్టింది. పురిటి స్నానాలు నానమ్మ చేతి మీదే. పెరట్లో ఎండలో కాళ్ళు చాపుకుని, చంటిదాన్ని కాళ్ళమీద బోర్లా వేసి, నూనె మర్దనా చేసి, వెల్లకిలా తిప్పింది. అది కళ్ళు విప్పి ఆవిడ ముఖంలోకి చూసింది. నానమ్మ వంగి, దాని బుగ్గ మీద నూనె వేలు రాస్తూ, "ఏటమ్మా? ఏటలా సూత్తన్నావు?" అంది. పక్కింటావిడ లేదు, ఎవరినీ నవ్వించడానికి కాదు. గదిలో మంచం మీదున్న పిన్ని కిటికీలోంచి విని, రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది. ఆ పసిదాన్ని ఊళ్ళో మొట్టమొదటి ఎస్పెరాంటో పిల్లగా పెంచాలని కలలు కంటున్న బాబాయి గుమ్మంలో నిలబడి, "నా భాష గంగలో కలిసింది," అన్నాడు. అంత సంతోషంగా ఓడిపోయిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

నానమ్మ పోయి చాలా ఏళ్ళయింది. బాబాయి కూడా వెళ్ళిపోయాడు. ఫోను పలికిన అక్వో విని పిన్ని మొన్న పెదవి విరిచింది. "అదేటే, అలా పలుకుతాది? మాది ఇలా ఉండేది కాదు," అంది. తరవాత రొయ్యల గిన్నె మీదికి వంగి, చాలా మెల్లిగా, "అక్వో అండీ," అనుకుంది. నేను అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. చేతులకి రొయ్యల నీళ్ళు, ఇంకా మండాయి.

"అయితే నేర్చుకోనా, మానేయనా? ఏటి పెద్దమ్మా, సెప్పవేటి?" అని ఆ పిల్ల మళ్ళీ అడిగింది. నేర్చుకోమన్నాను. లాభమేమిటో మాత్రం దానికి చెప్పలేకపోయాను. ఒకప్పుడు నానమ్మ వసారాలో పీట వేసుకుని నవ్విన ఆ యాసతోనే ఆ పిల్ల నన్ను అడుగుతోంది, ఇంట్లో ఒక్కరూ తలెత్తి చూడలేదు. ఆ మాట అంత మామూలు కావడానికి ఒక జీవితకాలం పట్టింది.