మైకమ్మ కూతురి నిద్ర

ఆ బస్టాండులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. కండక్టర్ల దగ్గర్నుంచి టీ కొట్టాయన దాకా అందరికీ ఆమె మైకమ్మే. నిజం చెప్పాలంటే ఆ బిరుదు మైకు వల్ల వచ్చింది కాదు. కరెంటు పోయిన రోజున కూడా ఆమె గదిలోంచి బయటికొచ్చి, నడుం మీద చెయ్యేసుకుని ఒక్క కేక పెట్టిందంటే, చివరి ప్లాట్‌ఫారం మీద కునికిపాట్లు పడుతున్న ముసలాయన కూడా ఉలిక్కిపడి సంచీ అందుకునేవాడు. "మైకమ్మ ఉండగా మనకు జనరేటర్ ఎందుకయ్యా" అని డిపో మేనేజరే ఒకసారి అన్నాడు. వేళాకోళమో మెచ్చుకోలో గాని, ఆమె మెచ్చుకోలుగానే తీసుకుంది.

అద్దాల గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తోందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్లాడు తప్పిపోయి ఏడుస్తున్నాడో చెప్పడం ఆమె ఉద్యోగం. ఏదైనా రెండుసార్లు చెప్పాలి. మొదటిసారి జనం వినరు, ఏమన్నారని పక్కవాళ్ళను అడుగుతారు. రెండోసారి చెవి పెడతారు. ఏళ్ళ తరబడి చెప్పీ చెప్పీ ఆ అలవాటు ఆమెతో పాటు ఇంటికీ వచ్చేసింది. "తలుపు వెయ్యండి, తలుపు వెయ్యండి." "పాలు చల్లారిపోతున్నాయి, పాలు చల్లారిపోతున్నాయి." బస్సుల వర్క్‌షాపులో పనిచేసే మొగుడు ఎప్పుడో చేతులెత్తేశాడు. కూతురు మాత్రం దాన్ని ఆట చేసేసింది. రెండో తరగతి చదివే ఆ పిల్లను ఇంట్లో గువ్వ అంటారు. గువ్వకు ఏదైనా కావాలంటే ముక్కు పట్టుకుని, మైకులోంచి వచ్చినట్టు అడిగేది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. గువ్వకు దాహం వేస్తోంది. గువ్వకు దాహం వేస్తోంది." తల్లి తక్కువ తిన్నదా? "మంచినీళ్ళ గ్లాసు మరికొద్దిసేపట్లో రెండవ నంబరు ప్లాట్‌ఫారం మీదికి రాగలదు" అంటూ గ్లాసుతో వచ్చేది.

నిద్రపుచ్చడమూ ఆ బాణీలోనే. జోలపాటలు ఆమెకు చేతకావు. దూరం వెళ్ళే బస్సు దారిలో వచ్చే ఊళ్ళన్నీ వరసగా చదివేది. పిల్ల ఏ సగం దారిలోనో గుర్రు పెట్టేసేది. పక్క వాటా వాళ్ళకు కూడా ఆ ఊళ్ళన్నీ నోటికొచ్చు.

ఒకరోజు ఆ పిల్ల బడిలో ఉయ్యాల మీంచి పడింది. తన కాళ్ళ మీద తనే నడుచుకుంటూ ఇంటికొచ్చింది. చెవి పైన చిన్న బొప్పి. తల్లి తడిగుడ్డ అద్ది, "ఏం కాలేదులే" అంది. కాసేపటికి పిల్ల "అమ్మా, నా బ్యాగేదీ?" అంది. "కుర్చీలో ఉంది చూడు." ఇంకాసేపటికి మళ్ళీ, "అమ్మా, నా బ్యాగేదీ?" తల్లికి నవ్వొచ్చింది. ముక్కు పట్టుకుని, "విజ్ఞప్తి. గువ్వగారి బ్యాగు కుర్చీలో ఉన్నది. కుర్చీలో ఉన్నది" అంది. పిల్ల నవ్వలేదు. మూడోసారి అడిగింది. తల్లి ఇంకాస్త రాగం తీసి చెప్పింది. మొగుడు ఇంటికొచ్చాక, "విన్నావా, నా ఉద్యోగం దీనికే రాసిచ్చేస్తా" అని పడీ పడీ నవ్వింది.

పొద్దున్నే పిల్ల కక్కుకుంది. కిటికీ తెరిస్తే వెలుగు చూడలేక దిండు కింద తల దూర్చింది. అప్పుడు గాని తల్లికి బుర్ర వెలగలేదు. మరే ఇంట్లోనైనా బిడ్డ అడిగిందే అడుగుతుంటే కన్నవాళ్ళ గుండె గుభేలుమని ఉండేది. ఈ ఇంట్లో నవ్వుకున్నారు. ఆమెను తప్పు పట్టడం తేలిక. కానీ ఆ ఆటలో పెరిగిన పిల్ల నోట ఆ మాట వింటే ఎవరు మాత్రం భయపడతారు?

ఆస్పత్రిలో డాక్టరమ్మ పిల్లను పరీక్ష చేసి, స్కానింగు చూసి, లోపల రక్తం గడ్డకట్టలేదనీ, మెదడు గట్టిగా అదిరిందనీ చెప్పింది.

"నిద్రే దీనికి మందు. గది చీకటిగా ఉండాలి. టీవీ వద్దు, ఫోను వద్దు, చప్పుడు అసలే వద్దు."

"నిన్ననే తీసుకొచ్చి ఉంటేనండీ? నిన్ననే తీసుకొచ్చి ఉంటే?"

పిల్ల రెండు చెవులూ మూసుకుంది.

"ముందు మీరు కాస్త మెల్లగా మాట్లాడండమ్మా" అంది డాక్టరమ్మ.

"మెల్లగానే మాట్లాడుతున్నానండీ."

నిన్న తెచ్చినా ఇదే చెప్పేదాన్నని డాక్టరమ్మ అంది గాని, అనే ముందు ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడమే మైకమ్మ మనసులో ముల్లులా దిగబడింది.

ఆమె సెలవు పెట్టి ఇంట్లో చప్పుడన్నది లేకుండా చేసింది. కిటికీకి నల్ల దుప్పటి మేకులు కొట్టి బిగించింది. కారే కుళాయి కింద గుడ్డ పరిచింది. గోడ గడియారాన్ని బట్టల పెట్టెలో పెట్టేసింది. తలుపు బందులకు నూనె వేసింది. మొగుడు తన ఇంట్లోకి తనే దొంగలా అడుగులో అడుగేసుకుంటూ వచ్చేవాడు. పక్క వాటా పెద్దావిడ వచ్చి, తలకు దెబ్బ తగిలితే నిద్రపోనివ్వకూడదే అని మొదలుపెడితే, నోటి మీద వేలుపెట్టి సాగనంపింది. ఇంట్లో నోరు మూయించలేకపోయింది ఒక్కదాన్నే. అది ఆమె గొంతు.

గుసగుసలాడి చూసింది. ఆమె గుసగుస ఇంకొకరి మామూలు మాటంత. అయినా పిల్ల మంచం పక్కన చతికిలబడి, పెదవులు మాత్రం కదుపుతూ, ఊళ్ళ పేర్లు ఎత్తుకుంది.

"ఆపమ్మా" అంది గువ్వ. "తలలో కొడుతోంది."

ఆపేసింది. చీకట్లో ఊపిరి కూడా బిగబట్టుకుని కూర్చుంది. పిల్ల కళ్ళు మూసుకుంది గాని, రెప్పలు అదురుతూనే ఉన్నాయి.

"నిద్ర రావట్లేదా తల్లీ?" పిల్ల ముఖం చిట్లింది.

"వస్తోందమ్మా. నువ్వు మళ్ళీ ఎప్పుడు మాట్లాడతావో అని భయమేసి పోతోంది."

మొగుడి చెల్లెలు పై వాటాలో ఉంటుంది. పుస్తకాలు బైండింగ్ చేసే చోట పని. నోట్లో నాలుక లేని మనిషి. మా ఆడపడుచు మాట్లాడితే చీమలు కూడా చెవులు రిక్కించాల్సిందే అని మైకమ్మ ఎన్నిసార్లు ఆట పట్టించిందో లెక్కలేదు. పగలంతా నిద్రలేక పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లేలా ఉన్న ఒక సాయంత్రం ఆ ఆడపడుచు దిగి వచ్చింది. పిల్ల పాదం ఒకటి అరచేతిలోకి తీసుకుని ఊరికే కూర్చుంది. అంతే. మైకమ్మ నీళ్ళు తాగి వచ్చేసరికి పిల్ల నిద్రపోయింది. నోరు కాస్త తెరుచుకుని, వెనకటిలాగే. గుమ్మంలో నిలబడి చూస్తుంటే మైకమ్మకు ప్రాణం లేచి వచ్చినట్టూ ఉంది, తన చోట్లో ఇంకెవరో కూర్చున్నట్టూ ఉంది.

"ఏం చెప్పావే దానికి?" అని వరండాలో అడిగింది.

"ఏం చెప్పలేదు వదినా."

"ఏమీ చెప్పకుండా ఎలా పడుకుంది?"

ఆడపడుచు చెప్పులేసుకుని మేడ మెట్లెక్కింది. పాపం ఆమె మటుకు ఏం చెబుతుంది!

సెలవు అయిపోయాక మైకమ్మ వెళ్ళి తనంత తానే సాయంత్రం డ్యూటీ అడిగి వేయించుకుంది. అంతకుముందు ఉన్నది, పిల్లతో గడపాలని పై అధికారుల కాళ్ళావేళ్ళా పడి సంపాదించుకున్న పొద్దుటి డ్యూటీ. వదిలేసుకుంటుంటే మేనేజరు వింతగా చూశాడు. ఆమె డ్యూటీలో ఉన్న రోజుల్లో పిల్ల నిద్రపోయేది. ఇంట్లో ఉన్న రోజుల్లో పోయేది కాదు. అలాగని ఎవరూ ఆమె ముఖాన అనలేదు. అనక్కర్లేకుండానే తెలుస్తూ ఉండేది.

పిల్ల మాత్రం కోలుకోలేదు. బడికి పంపితే పలక మీద అక్షరాలు పాకుతున్నాయని ఏడుస్తూ తిరిగొచ్చింది. స్నేహితురాళ్ళు చూడవస్తే గోడవైపు తిరిగి పడుకుంది. ముక్కు పట్టుకుని మాట్లాడడం అనే ఆట ఒకటి ఉండేదన్న సంగతే మరిచిపోయినట్టుంది. మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళినప్పుడు మైకమ్మ ఒక కాగితం మీద ప్రశ్న రాసి డాక్టరమ్మ ముందు పెట్టింది. వెనకటిలా అవుతుందా అని.

"చాలామంది అవుతారమ్మా. కొందరికి ఆలస్యమవుతుంది. ఎప్పటికని చెప్పలేం, ఓపిక పట్టండి."

ఆ భాష మైకమ్మకు కొత్తది కాదు. బస్సు ఎక్కడ చెడిపోయి ఆగిందో ఎవరికీ తెలియనప్పుడు, "మరికొద్దిసేపట్లో రాగలదు, ప్రయాణికులు ఓపిక పట్టవలెను" అని తనే వేలమందికి చెప్పింది. చెబుతున్నప్పుడు అద్దంలోంచి జనం ముఖాలు కనబడేవి. నమ్మేవాళ్ళు. ఆ డాక్టరమ్మ మీద ఆమెకు కోపం కూడా రాలేదు.

ఆమెకు వారానికొక సెలవు ఉంటుంది. ఆ సెలవు రోజు మధ్యాహ్నం మైకమ్మ చీకటి గదిలో, గోడకు ఆనుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆడపడుచు అప్పుడే వచ్చి మంచం పక్కన చేరింది. పిల్ల చాలాసేపు అటూ ఇటూ దొర్లి, చివరికి తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, ఇవాళ నీకు డ్యూటీ లేదా?"

ఆ గొంతులో విసుగు లేదు, కోపం లేదు. ఆశ ఉంది. ఎన్నాళ్ళ తర్వాతో కూతురి గొంతులో ఆశ వినపడింది. అది దేనికోసమో మైకమ్మకు అర్థమైంది. ఆడపడుచు తల వంచుకుంది.

ఉందని తల ఊపింది మైకమ్మ. లేచి, కొక్కానికి వేలాడుతున్న యూనిఫాం కోటు తీసి వేసుకుంది. పిల్ల చూస్తోంది కాబట్టి గుండీలు కూడా అన్నీ పెట్టుకుంది. గుమ్మం దాటుతూ వెనక్కి చూస్తే గువ్వ అప్పటికే కళ్ళు మూసుకుని ఉంది. ఈసారి రెప్పలు అదరడం లేదు.

వెళ్ళడానికి ఆమెకు వేరే చోటేముంది? బస్టాండుకే వెళ్ళి, ప్రయాణికుల హాల్లో వెనక వరస కుర్చీలో కూర్చుంది. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. మైకులో వేరే గొంతు చెబుతోంది. విరామంలో ఆ గొంతు గల అమ్మాయి అద్దాల గదిలోంచి బయటికొచ్చి, ఆమెను చూసి ఆశ్చర్యపోయింది.

"ఇవాళ మీకు సెలవు కదండీ! ఏదైనా ఊరెళ్తున్నారా?"

"ఎక్కడికీ లేదమ్మా" అంది మైకమ్మ. "ఇంట్లో పాప పడుకోవాలి."